టీవీ వెలిగినప్పుడు పిల్లల చేతులు ఏం చేస్తున్నాయి?

మేడమ్, నమస్తే. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మెగా డీఎస్సీ 2025లో ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా ఎంపికై అక్టోబరులో బడిలో చేరారు. ఐదు తరగతులకు కలిపి 31 మంది పిల్లలు, మీరు, ఒక సీనియర్ సార్. శిక్షణ రోజుల్లో మీ నోట్‌బుక్‌లో మూడు నమ్మకాలు రాసుకున్నారు. ప్రతి పిల్లా నేర్చుకోగలదు, పిల్లలు చేస్తూ నేర్చుకోవాలి, టెక్నాలజీ వాడితే నేర్చుకోవడం సులువవుతుంది. ఐదు నెలలు గడిచాక చూస్తే, స్మార్ట్ టీవీ పెట్టినంతసేపూ క్లాసు నిశ్శబ్దంగా ఉంటోంది, పాటలు కంఠతా వచ్చేశాయి, కానీ మూడో తరగతిలో ఏడుగురికి నలుగురు ఒక పేరా చదవలేకపోతున్నారు. సార్ ఏమో ‘ఇవన్నీ వేస్టమ్మా, చాక్‌పీసు చాలు’ అంటున్నారు. నా నమ్మకాలే తప్పా, రోజుకు ఎన్ని నిమిషాలు టీవీ పెట్టాలి, ఆ పేజీ చించేసి మళ్లీ రాయాలా అని అడిగారు.

మీ మొదటి రెండు వాక్యాలకు నేను వంక పెట్టను. మూడోదానిలో ఒక మాట తప్పిపోయింది. సులువవుతుంది అన్నారు, ఎవరికి? టీవీ పెడితే మనకు సులువవుతుంది. గొంతుకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది, ఈలోగా నాలుగో తరగతికి లెక్కలు ఇచ్చి రావచ్చు. రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకునే టీచరుకు అది చిన్న సాయం కాదు, దానికి సిగ్గుపడాల్సిన పనీ లేదు. కానీ పిల్లకు అంతా సులువుగా ఉందంటే అనుమానించాలి. అక్షరాలు కూడబలుక్కుని ఒక మాటను పట్టుకోవడం ఏడేళ్ల పిల్లకు కష్టమైన పని. ఆ కష్టం పిల్లే పడాలి, మనం పక్కన ఉండి పడిపోకుండా పట్టుకోవాలి. ఆ కష్టాన్ని టీవీయే పడుతుంటే పిల్ల చూస్తూ కూర్చుంటుంది. మీ తరగతిలో నిశ్శబ్దం అందుకే వచ్చింది.

ఇక నమ్మకాల సంగతి. టీచర్లం కాకముందే మనందరం పది పదిహేనేళ్లు బడిలో కూర్చుని టీచర్లను చూశాం. డాన్ లోర్టీ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1975లోనే ఈ విషయం గట్టిగా చెప్పాడు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు అప్పటికే వేల గంటలపాటు ఆ ఉద్యోగాన్ని ఎదురుగా కూర్చుని చూసి ఉంటారు, అందుకే శిక్షణలో విన్నదానికంటే చిన్నప్పుడు చూసిందే బలంగా పనిచేస్తుంది అన్నాడు. పైగా మనం చూసింది టీచరు చేసిన పనిని మాత్రమే. ఆవిడ అలా ఎందుకు చేసిందో, ముందు రోజు రాత్రి ఏం ఆలోచించుకుందో మనకు కనపడలేదు.

నా సంగతే చెప్తాను. 2002లో చిత్తూరు జిల్లాలో ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో చేరాను. పిల్లలు చేస్తూ నేర్చుకుంటారని అంతకుముందే పరీక్షలో నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. బడిలో మొదటి నెలంతా నేను చేసింది ఏమిటంటే, ఒక పిల్లను ముందు నిలబెట్టి ఎక్కం చెప్పించడం, మిగతా 27 మంది చేత దాన్ని అరిపించడం. మా ఊరి బడిలో నేను చిన్నప్పుడు విన్నది అదే. పరీక్షలో నేను అబద్ధం రాయలేదు, రాసేటప్పుడు నిజంగానే నమ్మాను. కానీ అంతమంది పిల్లల ముందు ఒంటరిగా నిలబడి టెన్షన్ పడుతున్నప్పుడు చేతికి అందింది అలవాటే.

మీ టీవీ దగ్గర జరుగుతున్నదీ ఇదేనని నా అనుమానం. వరసగా కూర్చోవడం, చూడడం, అందరూ కలిసి గట్టిగా చెప్పడం. మన చిన్ననాటి తరగతే తెర మీదికి ఎక్కింది.

అందుకని ముందు ఒక పని చేయండి. మూడు రోజులపాటు, టీవీ పెట్టిన ప్రతిసారీ రెండో నిమిషంలో ఒకసారి, ఐదో నిమిషంలో ఒకసారి తెరకు వీపు పెట్టి పిల్లల వైపు తిరగండి. వాళ్ల చేతులు ఏం చేస్తున్నాయో చూడండి. ‘ఒళ్లో ఉన్నాయి’, ‘చప్పట్లు’, ‘పలక మీద రాస్తున్నారు’, ‘పక్కవాడితో వాదిస్తున్నారు’ అని ఒక్క ముక్క రాసుకోండి, చాలు. మర్నాడు చాక్‌పీసుతో పాఠం చెప్తున్నప్పుడు కూడా ఇదే చూసి రాసుకోండి. మీరు నిజంగా ఏం నమ్ముతున్నారో ఆ కాగితం మీద కనపడుతుంది.

గుణింతం పాట సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నేను అందులో రెండేళ్లు మోసపోయాను. ‘క కా కి కీ’ పాట పెడితే మొదటి తరగతి పిల్లలు నెల తిరక్కుండానే చివరి దాకా పాడేస్తారు. తల్లిదండ్రులకు సంతోషం, చూడడానికి వచ్చిన అధికారికి సంతోషం. ఒకరోజు నల్లబల్ల మీద ‘కై’ ఒక్కటే రాసి ఒక పిల్లను అడిగాను. ఆ పిల్ల వేళ్లు లెక్కపెడుతూ ‘క, కా, కి, కీ’ అంటూ మొదటి నుంచి మొదలుపెట్టింది. ‘కై’ దగ్గరికి వచ్చాక ఎక్కడ ఆగాలో తెలియక నా ముఖం చూసింది. పాట వచ్చింది, అక్షరం రాలేదు. అక్షరం వైపు చూడకుండానే ఆ పాట పాడేయొచ్చు. మీ నలుగురికీ ఇదే పరీక్ష పెట్టండి. వరస కలిపేసి ‘మే, తౌ, లి, గూ, సై’ అని రాసి చూపించండి. చెప్పలేకపోతే పాట ఆపేసి, రెండు గుర్తులు మాత్రం తీసుకుని వాటితో మాటలు కట్టించండి. ‘కాకి, పాట, మామ, తాత’ చదివే పిల్లకు దీర్ఘం అంటే ఏమిటో తెలిసినట్టు. ఒత్తులు ఆ తర్వాతి సంగతి.

టెక్నాలజీ బడికి రావడం మీతో మొదలు కాలేదు. 1975 ఆగస్టులో ఇస్రో, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపింది. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దుటి పూట బడి పిల్లలకే ప్రత్యేకంగా కార్యక్రమాలు వచ్చేవి. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే కేంద్ర పథకం కింద బడులకు పటాలు, లెక్కల కిట్లు, ఆటవస్తువులు వచ్చాయి. నేను చేరేనాటికి మా బడిలో ఆ పెట్టె ఉంది, తాళం కూడా ఉంది, పిల్లలు పాడుచేస్తారని ఎవరూ తీయలేదు. తర్వాత రేడియోలో ‘విందాం నేర్చుకుందాం’ పాఠాలు వచ్చాయి. రేడియో పాఠాన్ని మనం ఆపలేం, వెనక్కి తిప్పలేం. అది మొదలయ్యే ముందు పిల్లలతో ఏం మాట్లాడాం, అయిపోయాక ఏం చేయించాం అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉండేది. ఊరికే పెట్టి వదిలేసిన రోజు అది దూరంగా మోగే పాటలాగా పోయేది. కథ సగంలో ఉండగా పిల్లలు ఏమనుకుంటున్నారో గుర్తుపెట్టుకుని, అయిపోగానే ఆ కథను వాళ్ల చేత ఆడించిన రోజు ఆ మాటలు వారం తర్వాత కూడా వాళ్ల నోట వినపడేవి.

రేడియోకు లేని ఒక బటన్ మీ టీవీకి ఉంది, ఆపే బటన్. మీ రిమోట్‌లో అన్నిటికంటే విలువైనది అదే.

ఇప్పుడు మన పక్కనే పుట్టిన ఒక వస్తువు గురించి చెప్పాలి. అది చూశాకే నా ఆలోచన మారింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో 1980ల చివర నుంచి చుట్టుపక్కల పల్లె బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు ఒక పద్ధతి తయారు చేశారు. అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో, ఒక్క టీచరుతో ఉండే బడుల కోసమే దాన్ని ఆలోచించారు. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి వందల కార్డులుగా మార్చారు. గోడ మీద నిచ్చెనలాంటి ఒక పటం ఉంటుంది. పిల్ల తాను ఏ మెట్టు మీద ఉందో అందులో చూసుకుంటుంది, ఆ మెట్టుకు ఉన్న గుర్తును బట్టి అరలోంచి కార్డు తానే తెచ్చుకుంటుంది. కొన్ని కార్డులు టీచరుతో చేయాలి, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా. నేను వెళ్లి చూసిన రోజు టీచరు చాప మీద నలుగురు పిల్లలతో కూర్చుని ఉన్నాడు, మిగతావాళ్లు ఎవరి పనిలో వాళ్లు ఉన్నారు. ఒక పిల్లవాడు లేచి వెళ్లి కార్డు మార్చుకుని వచ్చి కూర్చున్నాడు, ఎవరినీ అడగలేదు. ఆ పద్ధతి చూసే 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటెలో ‘నలి కలి’ అనే బోధనా పద్ధతి మొదలైంది, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో కార్యకలాపాల పద్ధతి వచ్చింది.

అట్టముక్కలు, రంగులు, ఒక పటం. అందులో కరెంటు లేదు. అయినా నేను చూసిన బోధనా సాంకేతికతలో అంత పదునైనది ఇంకొకటి లేదు. ఎందుకంటే ఆ కార్డు పిల్లను ఏదో ఒకటి చేయమని అడుగుతుంది, చేయకపోతే ముందుకు కదలదు. పైగా ప్రతి పిల్లా తాను ఉన్న మెట్టు నుంచే మొదలుపెడుతుంది. మీరు నోట్‌బుక్‌లో రాసుకున్న మొదటి రెండు నమ్మకాలనూ అక్కడ ఎవరో అట్టముక్కల్లో పెట్టి చూపించారు.

మెట్టు అన్నాను కాబట్టి రెండు పరిశోధనల గురించి చెప్తాను, ఇవి మీకు చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో కూడా పనికొస్తాయి. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు లాప్‌టాప్‌లు పంచారు. 319 బడుల్లో జరిగిన అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. సుమారు 15 నెలల తర్వాత చూస్తే లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు పెరగలేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో సాయంత్రం కేంద్రాలు నడిపారు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ చేసిన ఆ అధ్యయనం 2019లో ప్రచురితమైంది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో స్పష్టమైన మెరుగుదల కనపడింది. రెండు చోట్లా కంప్యూటర్లే. తేడా ఎక్కడుందంటే, పెరూలో యంత్రాన్ని ఇచ్చి వదిలేశారు. ఢిల్లీలో ముందు ఒక్కొక్కరి స్థాయి కనిపెట్టి, ఆరో తరగతి పిల్లకు మూడో తరగతి లెక్కే రాకపోతే అక్కడి నుంచే ఇచ్చారు. అక్కడ కూడా 90 నిమిషాల్లో సగం సేపే కంప్యూటరు, మిగతా 45 నిమిషాలూ ఒక మనిషి చిన్న గుంపుతో కూర్చునేవారు.

కాబట్టి మీ మూడో తరగతికి మొదటి వైద్యం టీవీలో లేదు. పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో చూసే ‘అసర్’ సర్వేవాళ్లు వాడే పద్ధతిలో ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ వరసలో చదివించండి. ఒక్కో పిల్లకు నాలుగైదు నిమిషాలు పడుతుంది. మీరు, సార్ కలిసి చేస్తే 31 మందికీ రెండు రోజుల్లో అయిపోతుంది. తర్వాత రోజుకు ఒక గంట తరగతి గోడలు మర్చిపోయి, మాటల దగ్గర ఉన్నవాళ్లందరినీ ఒక చోట, పేరా దగ్గర ఉన్నవాళ్లను ఇంకో చోట కూర్చోబెట్టండి. నాలుగో తరగతి పిల్లవాణ్ని రెండో తరగతివాళ్ల పక్కన కూర్చోబెడితే చిన్నబుచ్చుకుంటాడు, అది చూసుకోవాలి. వాడికి చాక్‌పీసు డబ్బా, చాపల బాధ్యత అప్పగిస్తే నిటారుగా కూర్చుంటాడు.

ఇక టీవీ, ఫోన్ దేనికి పనికొస్తాయి అంటారా. నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది పిల్లల పనిని పిల్లలకే చూపించడం. ఒక ఉదాహరణ వివరంగా చెప్తాను. మూడో తరగతికి 52 లోంచి 27 తీసేయమని ఇచ్చాను. సగంమంది 35 వేశారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసి ఐదు వేశారు, ఐదులోంచి రెండు పోతే మూడు. మూడో తరగతిలో ఇది ఎప్పుడూ వచ్చే తప్పే. మామూలుగా అయితే ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అని మళ్లీ నల్లబల్ల మీద చేసి చూపించేదాన్ని, వాళ్లు దించుకునేవాళ్లు, మర్నాడు మళ్లీ 35 వచ్చేది.

ఆరోజు రెండు పలకలకు ఫోన్‌లో ఫొటో తీశాను, ఒకటి 35, ఒకటి 25. ఎవరివో తెలియకుండా పేర్లు పక్కకు పోయేలా తీశాను. రెంటినీ పక్కపక్కన టీవీ మీద పెట్టి, ‘రెండు జవాబులు వచ్చాయి, రెండూ నిజం కావు కదా, ఎలా తేలుద్దాం?’ అని అడిగాను. మొదట చేతులెత్తి ఓట్లు వేశారు, 35కే ఎక్కువ ఓట్లు వచ్చాయి. తప్పని నేను చెప్పలేదు. చీపురుపుల్లలు పదేసి కట్టి పెట్టుకున్న కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు ఇచ్చి 27 తీసి పక్కన పెట్టమన్నాను. రెండు కట్టలు తేలికగా తీశారు. ఏడు విడి పుల్లలు ఎక్కడి నుంచి వస్తాయి? ఒక పిల్ల కాసేపు చూసి, నన్ను అడక్కుండా ఒక కట్ట దారం విప్పేసింది. లెక్కపెడితే 25. ‘టీచర్, కట్ట విప్పాలి’ అని అరిచింది. మళ్లీ తెర మీద ఆ రెండు పలకలు చూపించి, 35 వేసిన వాళ్లు ఎక్కడ ఏమనుకుని ఉంటారో చెప్పమంటే, వేసినవాళ్లే చెప్పారు.

మొత్తం 40 నిమిషాల్లో టీవీ వెలిగింది ఆరేడు నిమిషాలు. అంతర్జాలం కూడా అక్కర్లేదు, ఫోన్‌లో తీసిన ఫొటోను పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నా సరిపోతుంది.

రెండోది ఫోన్‌లోని వాయిస్ రికార్డర్. పేరా చదివే స్థాయి పిల్లను పక్కకు పిలిచి ఒక నిమిషం చదివించి రికార్డు చేయండి. వెంటనే వినిపించండి. తమ గొంతు తాము వినడం పిల్లలకు పండగ. మొదటిసారి నవ్వుతారు, రెండోసారి వింటారు. ఒక పిల్ల తన గొంతు విని ‘టీచర్, ఒత్తు మింగేశాను, మళ్లీ చదువుతా’ అంది. ఆ తప్పును నేను పట్టుకుని ఉంటే ఆ పిల్ల తల దించుకునేది. అదే పిల్లది నెల తర్వాత మళ్లీ రికార్డు చేసి పాతదాని పక్కన వినిపిస్తే ఎంత ఎదిగిందో ఆ పిల్లకే తెలుస్తుంది. తల్లి వచ్చినప్పుడు వినిపించండి. మార్కుల కార్డు చదవలేని తల్లికి కూడా ఆ తేడా అర్థమవుతుంది. కానీ ఆ రికార్డులు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, స్టేటస్‌లోనూ పెట్టకండి. అవి ఆ పిల్లవి.

మూడోది, మన ఊళ్లో చూపించలేనివి చూపించడం. మా కరువు పల్లె పిల్లలు సముద్రం చూడలేదు. ఆటుపోట్ల గురించి ఎంత చెప్పినా చెరువునే ఊహించుకుంటారు. అక్కడ రెండు నిమిషాల వీడియో నా గంట మాటల కంటే మేలు. విత్తనం మొలకెత్తడం వీడియోలో అరనిమిషంలో అయిపోతుంది, అది కూడా మంచిదే. కానీ ముందు కొబ్బరి చిప్పలో అనుములు వేయించి, రోజూ బొమ్మ గీయించి, వారం తర్వాత వీడియో చూపిస్తాను. అప్పుడు ‘టీచర్, మాది ఇంకా వంగి ఉంది, వీళ్లది నిటారుగా లేచింది’ అని తెరతో వాదన పెట్టుకుంటారు.

ఇంగ్లిష్‌కు మాత్రం ధారాళంగా వాడండి. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగు ఉన్న ఈ రోజుల్లో మనలో చాలామందికి ఉచ్చారణ దగ్గర జంకు ఉంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే వచ్చేవి ముందు రోజు ఇంట్లో మీరు వినండి. ఒక వాక్యం వినిపించి ఆపండి, పిల్లల చేత అనిపించండి, ఆ వాక్యంలోని వస్తువును తెచ్చి చూపించమనండి. మళ్లీ తర్వాతి వాక్యం.

ఏ వీడియో అయినా నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ముందు నేను పూర్తిగా చూస్తాను. ఎక్కడ ఆపాలో నిమిషం, సెకను చేతి మీదైనా రాసుకుంటాను. పెట్టే ముందు ‘ఏమవుతుందనుకుంటున్నారు?’ అని అడిగి పలక మీద రాయించడమో గీయించడమో చేస్తాను. ఆపిన చోట మళ్లీ అడుగుతాను. చివర్లో టీవీ ఆర్పేసి, చూసినదాన్ని పక్కవాళ్లకు చెప్పమంటాను. మూడు నిమిషాల వీడియోకు పావుగంట పడుతుంది. అంత సమయం లేని రోజు అసలు పెట్టను.

మీ సార్ గురించి. ఆయనతో వాదన పెట్టుకోకండి అమ్మా. ఆయన తరం చూసిన యంత్రాలు చాలా ఉన్నాయి. వచ్చాయి, ఫొటోలు తీశారు, చెడిపోయాయి, బాగు చేసేవాళ్లు రాలేదు. ఆ అనుభవంలోంచి వచ్చిన మాట అది. ఇంకో సంగతి, అప్పట్లో బ్రిటిష్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం, అదే ఆప్పెప్, శిక్షణ తీసుకున్న సీనియర్లు ఆరు సూత్రాల గురించి చెప్పేవారు. చేస్తూ నేర్చుకోవడం, వ్యక్తిగతంగా, జట్టుగా, మొత్తం తరగతిగా పనిచేయించడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, ఊళ్లో దొరికేవాటినే వాడుకోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మా మొదటి కాంప్లెక్స్ హెచ్‌ఎం గారు వాటిని పొల్లు పోకుండా చెప్పేవారు. మీరు కొత్తగా అనుకుంటున్నవి ఆయన తరానికి 30 ఏళ్ల కిందటే పరిచయం. మీ సార్‌ను కూడా ఒకసారి అడగండి, ఆయన ఆ శిక్షణ తీసుకున్నారో లేక తీసుకున్నవాళ్ల దగ్గర నేర్చుకున్నారో. ఆయన కథ చెప్పేటప్పుడు వెనక బెంచీలో కూర్చుని వినండి. మీ ఫోన్‌తో ఆయన కథను రికార్డు చేసి, ఆయన సెలవు పెట్టిన రోజు పిల్లలకు వినిపిస్తే టెక్నాలజీ మీద ఆయన అభిప్రాయం కొంచెం మెత్తబడవచ్చు. మా బడిలో అలాగే జరిగింది.

అయితే ‘చాక్‌పీసు చాలు’ అన్న మాటను కూడా అదే పరీక్షకు పెట్టండి. నల్లబల్ల నిండా రాసి ‘దించుకోండి’ అన్నప్పుడు చేతులు కదులుతాయి, బుర్ర కదలక్కర్లేదు. చదవడం రాని పిల్లలు కూడా చక్కని దస్తూరీతో పేజీలు దించుతారు. అక్షరాలను బొమ్మల్లాగా గీస్తారు. కాబట్టి చేతులు చూడమన్నానంటే చేతులతోనే ఆగమని కాదు. ఆ చెయ్యి చేస్తున్న పనిలో పిల్ల ఏదైనా తేల్చుకోవాల్సి వస్తోందా, తప్పు చేసే అవకాశం ఉందా అన్నదాకా చూడండి. తప్పు చేయడానికి వీల్లేని పనిలో నేర్చుకోవడానికీ ఏమీ ఉండదు.

హాజరు, భోజనం, ఫొటోల యాప్‌లతో విసిగిపోయానని ఒక ముక్క రాశారు. అది నిజమైన బరువే. కానీ దాన్ని పాఠం చెప్పే టెక్నాలజీతో కలిపేసుకోకండి. పొద్దున యాప్ సతాయించిన కోపంలో మధ్యాహ్నం రికార్డర్ కూడా తీయబుద్ధి కాదు, నాకూ అలా జరిగేది. యాప్ పనులకు వేళ పెట్టుకుని, ఆ వేళ కాకుండా ఫోన్ బీరువాలో పెట్టేయడం నేర్చుకున్నాక కాస్త ఊపిరాడింది.

ఇంటి దగ్గర ఫోన్‌లో చూసుకోమని పని ఇవ్వాలా అంటే, వద్దు. 2020లో బడులు మూసినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. మా వీధి పిల్లల్లో ఫోన్ ఉన్న ఇళ్లు ఉన్నాయి, కానీ ఆ ఫోన్ పొద్దున తండ్రితోపాటు పనికి వెళ్లిపోయేది. ఏ పని ఇచ్చినా ఫోన్ లేని పిల్ల కూడా చేయగలిగేదే ఇవ్వండి. అవ్వ దగ్గర ఒక సామెత అడిగి రాసుకురమ్మంటే అందరూ చేస్తారు, మీకు మర్నాటి చదవడం పాఠం కూడా తయారవుతుంది.

రోజుకు ఎన్ని నిమిషాలు అని అడిగారు. మీ బడి పరిస్థితికి ఈ విద్యా సంవత్సరం మిగిలిన రోజుల్లో నా లెక్క చెప్తాను. చదవడం గంటలో టీవీ అసలు వద్దు, రికార్డర్ ఒక్కటి చాలు. లెక్కల్లో వారానికి రెండుసార్లు, పిల్లల పలకలు చూపించడానికి. పరిసరాల విజ్ఞానంలో, ఇంగ్లిష్‌లో అవసరమైన చోట. మధ్యాహ్నం చివరి పీరియడ్‌లో పిల్లలు అలసిపోయి, మీరూ అలసిపోయినప్పుడు పది నిమిషాలు మంచి పాట పెట్టుకుని అందరూ ఎగరండి, అది పాఠం అని లెసన్ ప్లాన్‌లో రాయకపోతే చాలు.

ఇక ఆ పేజీ. చించకండి. మూడో వాక్యం కూడా కొట్టేయకండి. దాని కింద తేదీ వేసి, ఈ ఐదు నెలల్లో ఏం చూశారో పిల్లల పేర్లతో సహా రాయండి. టీవీ ముందు చేతులు ఏం చేశాయో ఆ మూడు రోజుల చీటీలు కూడా అందులోనే అంటించండి. నేను 2003 నుంచి ఏటా ఇలా ఒక పేజీ రాస్తున్నాను. మొదటి వాటిలో ‘పిల్లలు’ అని ఉండేది, తర్వాత తర్వాత పేర్లు వచ్చాయి. ఏప్రిల్ చివరి పని దినానికి ముందే రాసేయండి. జూన్‌లో బడి తెరిచి కొత్త ముఖాలు ఎదురుగా కూర్చుంటే, ఈ నలుగురూ ఏ అక్షరం దగ్గర ఆగారో గుర్తు రాదు.